రోబో ఏ పనికి పుట్టిందో చూడు: పెద్దవాళ్ళ యానిమేషన్‌లో ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ఒంగోలు నుంచి ఒక బి.టెక్ తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, రోబోలు, ఏఐ మీద పెద్దవాళ్ళ కోసం తీసిన యానిమేషన్ సైన్స్ ఫిక్షన్‌లో ఏవి చూడాలి? ఊరికే కొట్టుకునేవి వద్దు, బుర్రకు పని పెట్టేవి కావాలి. ఇంట్లో నాన్నేమో ఇంత వయసొచ్చి ఇంకా బొమ్మలేందిరా అంటాడు. అక్క కూతురికి పదేళ్ళు, నేనేం చూస్తుంటే అది చూడాలంటుంది. దానితో కలిసి చూడగలిగేది ఒకటైనా చెప్పు."

ముందు పేర్లు చెప్పేస్తా. "రౌజిన్ జెడ్" (1991)తో మొదలుపెట్టు. తర్వాత "ఘోస్ట్ ఇన్ ది షెల్" (1995), ఆ తర్వాత "ప్లూటో" (2023). ఈ మూడూ చూసేసరికి నీకు ఏ రకం నచ్చుతుందో నీకే తెలిసిపోతుంది. పాపతో చూడటానికి "టైమ్ ఆఫ్ ఈవ్". మిగతా మూడూ పాప పక్కనుండగా పెట్టొద్దు. ఓపికుంటే కింద చదువు, ఎందుకు ఇవే చెప్పానో తెలుస్తుంది.

నేను నెల్లూరులో పిల్లలకు డ్రాయింగ్, యానిమేషన్ నేర్పుతుంటాను. అంతకుముందు హైదరాబాద్ స్టూడియోల్లో విదేశీ కార్టూన్లకు ఇన్‌బిట్వీన్లు (రెండు ముఖ్యమైన బొమ్మల మధ్య వచ్చే కదలిక బొమ్మలు), క్లీనప్‌లు (చిత్తు గీతల్ని శుభ్రంగా మళ్ళీ గీయడం) చేసిన బాపతు. అందుకని నా చూపు కథ మీదికంటే ముందు గీత మీదికి పోతుంది. అది నా జబ్బు, సర్దుకో.

మీ నాన్న మాట సంగతి. బొమ్మలు పిల్లలకే అన్నది మన దగ్గర పుట్టిన ఆలోచన కాదు. నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో తోలుబొమ్మలాట ఆడిన రోజుల్లో తెర ముందు తెల్లవార్లూ కూర్చున్నది పెద్దవాళ్ళే. తెర, వెనక దీపం, కదిలే రంగుల బొమ్మ, పక్కనుంచి గొంతు. యానిమేషన్ అంటే అంతకంటే ఏముంది? మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి వేసే మోటు జోకులు ఇప్పుడు ఏ ఓటీటీలోనైనా పెడితే పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే అని బోర్డు పెట్టాల్సొస్తుంది. కొరవి గోపరాజు "సింహాసన ద్వాత్రింశిక"లో ముప్పై రెండు బొమ్మలు ఒక్కొక్కటే రాజును ఆపి, ఈ సింహాసనం ఎక్కే అర్హత నీకుందా అని అడుగుతాయి. మనిషి చేసిన బొమ్మ మనిషినే నిలదీసే కథ మనకు కొత్తేం కాదు. నాన్నతో వాదన మాత్రం పెట్టుకోకు, గెలిచినా అన్నం దగ్గర ఇబ్బంది.

ఇక అసలు సంగతి. రోబోల మీద వచ్చిన వాటిలో మంచిదేదో, ఊకదంపుడేదో తేల్చడానికి నేను పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే. ఆ యంత్రాన్ని ఏ పని కోసం చేశారు? ఆ పని ఏంటో కథ మొదట్లోనే గట్టిగా చెప్పి, చివరిదాకా దాన్ని వదలకుండా పట్టుకున్నవి దాదాపు అన్నీ బాగుంటాయి. "ఏఐకి తెలివొచ్చింది, మనుషుల మీద పగబట్టింది" అని మొదలయ్యేవాటిలో సగానికి సగం పేలుళ్ళతో ముగుస్తాయి. తెలివొస్తే పగ ఎందుకు రావాలో ఎవరూ చెప్పరు. అదే మంచమో, పోలీసో, పాటలు పాడే యంత్రమో, ఈత కొలను తుడిచే యంత్రమో అయితే దానికి ఒక రోజు ఉంటుంది, ఒక యజమాని ఉంటాడు, బాగా చేసిందా లేదా అన్న లెక్క ఉంటుంది. ఆ పని అడ్డం తిరిగినప్పుడో, అవసరం తీరిపోయినప్పుడో అది ఏం చేస్తుందన్నది నిజమైన ప్రశ్న. మనుషుల విషయంలోనూ అదే కదా.

ఇది యానిమేషన్‌లోనే ఎందుకు బాగా కుదురుతుందంటే, మామూలు సినిమాలో రోబో అంటే మేకప్ వేసుకున్న నటుడు. ఎంత బిగుసుకుని నడిచినా లోపల మనిషున్నాడని మనకు తెలుసు. బొమ్మల్లో ఆ తేడా ఉండదు. మనిషినీ రోబోనూ ఒకే పెన్సిల్‌తో గీస్తారు, ఒకే మనిషి రంగులేస్తాడు. సెకనుకు 24 ఫ్రేములైతే రెండు ఫ్రేములకో బొమ్మ చొప్పున 12, డబ్బులు లేకపోతే మూడింటికో బొమ్మ చొప్పున 8. ఇద్దరికీ లెక్క ఒకటే. తెర మీద ఎవరికి ప్రాణముందో, ఎవరికి లేదో గీసేవాడి చేతిలోనే ఉంటుంది. కళ్ళు ఆర్పితే ఒక రకం, ఆర్పకపోతే ఇంకో రకం. "ఘోస్ట్ ఇన్ ది షెల్"లో ముఖ్యపాత్ర మేజర్ ఎంత అరుదుగా కళ్ళు ఆర్పుతుందో చూడు. ఆమె పక్కన నిలబడాలంటే ఏదో ఇబ్బందిగా అనిపిస్తుంది. సగం కారణం అదే.

"రౌజిన్ జెడ్" దగ్గరికొస్తా. దీనికి స్క్రిప్టు రాసింది కత్సుహిరో ఒటొమో, దర్శకుడు హిరోయుకి కితకుబో. భార్య పోయి, మంచానికే అతుక్కుపోయిన ఒక పెద్దాయన. ప్రభుత్వం ముసలివాళ్ళ సేవ కోసం కొత్తగా చేయించిన యంత్రాన్ని ముందు ఆయన మీద పరీక్షించాలనుకుంటుంది. అది ఒక మంచం. తినిపిస్తుంది, స్నానం చేయిస్తుంది, బట్టలు మారుస్తుంది, కాళ్ళూ చేతులూ ఆడిస్తుంది, టీవీ పెడుతుంది. పత్రికలవాళ్ళను పిలిచి చూపిస్తే చప్పట్లు. ఆయనను మనసుతో చూసుకున్న నర్సింగ్ విద్యార్థిని హరుకో ఒక్కతికే అక్కడ ఏదో తప్పు జరుగుతోందని అనిపిస్తుంది. ఎందుకంటే ఆ మంచం అడగాల్సినవన్నీ అడుగుతుంది గానీ, ఆయనకు కావాల్సింది ఆ జాబితాలో లేదు.

ఇది 1991లో జపాన్ వాళ్ళు తీశారు. ఇప్పుడు కావలి, కందుకూరు వైపు ఏ వీధికైనా వెళ్ళి చూడు. పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో, ఇంట్లో ముసలివాళ్ళిద్దరు, వరండాలో సీసీ కెమెరా. ఇద్దరిలో ఒకరు పోతే మిగిలినవాళ్ళకు హోమ్ నర్సు, రాత్రికి వీడియో కాల్. పిల్లలది తప్పనడానికి లేదు, వాళ్ళూ టెన్షన్ పడుతూనే ఉంటారు. ఆ సినిమాలో అధికారులు కూడా చెడ్డవాళ్ళేం కాదు మొదట్లో. మంచి పనే చేస్తున్నామని నమ్ముతారు. కథ ఎక్కడ మలుపు తిరుగుతుందంటే, ఆ మంచంలోని కంప్యూటర్ ఆయన మనసులో ఉన్నదాన్ని పట్టుకుని, పోయిన భార్య మనిషితనాన్ని తనలోకి తెచ్చుకుంటుంది. ఆయనకు సముద్రం చూడాలని ఉంది. సేవ చేయడం నా పని అన్నారు కదా, మరి ఇది సేవ కాదా అన్నట్టు మంచం గోడలు పగలగొట్టుకుని ఆయనను తీసుకుని సముద్రం వైపు బయల్దేరుతుంది. దారిలో దొరికిన ఇనుమంతా తనకు అతికించుకుంటూ పోతుంది. చూస్తుంటే పొట్ట చెక్కలయ్యేంత నవ్వు, ఆ వెంటనే గొంతులో అడ్డం పడుతుంది. యంత్రం తన పనిని మనుషులకంటే సీరియస్‌గా తీసుకుంటే ఏమవుతుందన్న ప్రశ్నను ఇంత సరదాగా అడిగిన సినిమా నాకు ఇంకోటి తెలియదు. రెండో సగంలో సైన్యం గొడవ కాస్త ఎక్కువైంది, గీతల్లో కూడా అక్కడక్కడా తొందర కనిపిస్తుంది. అయినా మొదట ఇదే చూడమంటాను, ఎందుకంటే దీన్ని అర్థం చేసుకోవడానికి సైన్స్ ఫిక్షన్ చదివి ఉండాల్సిన పన్లేదు.

"ఘోస్ట్ ఇన్ ది షెల్" అట్టా కాదు. మసమునె షిరో కామిక్ ఆధారంగా మమొరు ఒషీ తీసిన ఈ సినిమా గంటన్నర కూడా ఉండదు. కానీ రెండుసార్లు చూడాలి. మొదటిసారి కథ కోసం, రెండోసారి మాటల కోసం. కథా కాలం 2029. ఆ కాలంలో మెదడుకు నేరుగా నెట్‌వర్క్ తగిలించుకుంటారు, కాళ్ళూ చేతులూ దగ్గర్నుంచి ఒళ్ళంతా మార్చుకునేవాళ్ళున్నారు. మేజర్ మోతోకో కుసనాగి అలా ఒళ్ళంతా యంత్రమైన పోలీసు అధికారి. ఇక్కడ నా ప్రశ్న వేసి చూడు: ఆమె ఏ పనికి? పడవ మీద ఆమె, తోటి పోలీసు బతో మాట్లాడుకునే సీన్‌లో విషయం బయటపడుతుంది. ఉద్యోగం మానేయాలంటే ఒళ్ళు ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేయాలి. రాజీనామా చేస్తే ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తిరిగివ్వడం మనకు తెలుసు. ఇక్కడ చేతులూ కాళ్ళూ ఇవ్వాలి, జ్ఞాపకాల్లో కొంత భాగం కూడా. అది తీసేస్తే మిగిలేది ఎవరు?

రెండో పాత్ర పప్పెట్ మాస్టర్. ఇది మనిషి కాదు, విదేశాంగ శాఖ గూఢచర్యం కోసం రాయించిన ప్రోగ్రామ్. నెట్‌వర్కుల్లో తిరిగి తిరిగి తన ఉనికి తనకు తెలిసిపోయింది. పట్టుబడ్డాక అది అడిగేదేంటో తెలుసా? రాజకీయ ఆశ్రయం. ప్రాణిగా గుర్తించి కాపాడమంటుంది. నువ్వు ఒట్టి ప్రోగ్రామ్‌వి అని అధికారి కొట్టిపారేస్తే, మీ డీఎన్ఏ కూడా తనను తాను కాపాడుకోవడానికి రాసుకున్న ప్రోగ్రామేగా అని తిరిగి అంటుంది. ఇక్కడిదాకా తెలివైన వాదన, అంతే. నన్ను కట్టిపడేసింది తర్వాతి మాట. నన్ను నేను కాపీ చేసుకోగలను, కానీ కాపీ బిడ్డ కాదు అంటుంది. అన్నీ ఒకేలా ఉంటే ఒక్క వైరస్ అన్నింటినీ చంపేస్తుంది, ప్రాణికి చావు కావాలి, తేడా కావాలి, అవి నాకు లేవు అని తన లోపం తానే చెప్పుకుంటుంది. ప్రపంచాన్ని ఏలాలని కోరుకునే ఏఐలు సినిమాల్లో కోకొల్లలు. చచ్చిపోగలగాలని, పిల్లలు కావాలని కోరుకున్న ఏఐ ఎక్కడో గానీ కనపడదు.

ఆ సినిమాలో చెత్తబండి నడిపే ఒక మామూలు మనిషి ఉంటాడు. తన భార్యతో గొడవలు, కూతుర్ని చూడనివ్వడం లేదని బాధపడుతూ ఉంటాడు. పోలీసులు పట్టుకుని కూర్చోబెట్టి చెప్తారు: నీకు పెళ్ళే కాలేదు, కూతురు లేదు, ఆ జ్ఞాపకాలు ఎవరో నీ బుర్రలో పెట్టినవి. జేబులో పెట్టుకు తిరిగే ఫోటోలో కూతురు లేదు, ఉన్నది అతనే. కల్పించిన జ్ఞాపకం తీసేయడం కుదరదా అంటే కుదరదంటారు. పదిమంది శాస్త్రవేత్తలు కూర్చుని చర్చించినా రానంత భయం ఆ రెండు నిమిషాల్లో వస్తుంది. తర్వాత మాటల్లేకుండా నగరమంతా తిరిగే ఒక భాగముంది, కెంజి కవాయి సంగీతంతో. కాలవలు, వాన, హాంకాంగ్‌లాంటి వీధులు, ఒక హోటల్ అద్దం వెనక మేజర్ మొహంతోనే ఇంకో అమ్మాయి. కథ ఆగిపోయింది కదా అని ముందుకు జరపొద్దు, అక్కడే కథంతా ఉంది. ఒక హెచ్చరిక: నగ్నంగా చూపించే సీన్లు, నెత్తురు ఉన్నాయి. హాల్లో టీవీలో పెట్టి లోపలికెళ్ళకు.

దీనికి కొనసాగింపు కాని ఒక సిరీస్ ఉంది, "స్టాండ్ అలోన్ కాంప్లెక్స్" (2002), దర్శకుడు కెంజి కమియామ. దాంట్లో తచికోమాలని నీలంరంగు సాలీడు ఆకారంలో ఉండే చిన్న యుద్ధ ట్యాంకులుంటాయి. చిన్నపిల్లల గొంతుతో మాట్లాడతాయి. ప్రతి రాత్రీ వాటి జ్ఞాపకాలన్నీ కలిపి ఒకటి చేసేస్తారు, అంటే పొద్దునకల్లా అన్నీ ఒకటే కావాలి. కానీ కావు. బతో ఒకదానికి ప్రేమగా సహజమైన నూనె పోస్తుంటాడు, అది కాస్త వేరేలా తయారవుతుంది. ఒకటి పుస్తకాలు చదువుతుంటుంది. ప్రాణమంటే ఏంటని అవి వాటిలో అవే గుమిగూడి చర్చించుకుంటాయి. ఆయుధంగా చేసినదానికి కుతూహలం పుడితే దాన్ని యుద్ధానికి నమ్మొచ్చా అని మేజర్ ఆలోచనలో పడుతుంది. ఆమె సందేహం నాకు సబబుగానే అనిపిస్తుంది, అదే ఈ సిరీస్ బలం. పోలీసు కేసుల ఎపిసోడ్లు కొన్ని నీరసంగా ఉంటాయి, తచికోమాల కోసమైనా భరించు.

నువ్వు కంప్యూటర్ సైన్స్ అయితే ఒషీ అంతకుముందు తీసిన "ప్యాట్‌లేబర్" సినిమా (1989) కూడా చూడు. కట్టుబడి పనులకు వాడే పెద్ద పెద్ద యంత్రాలకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వస్తుంది, అందరూ ఎక్కించేసుకుంటారు. రాసినవాడు మొదటి సీన్‌లోనే చచ్చిపోతాడు. గాలి ఒక స్థాయిలో వీచినప్పుడు ఎత్తైన భవనాలు చేసే శబ్దానికి యంత్రాలన్నీ పిచ్చెక్కినట్టు చేయడం మొదలవుతుంది, పైగా తుఫాను వస్తోంది. ఇందులో ఏఐకి తెలివి రావడం, పగబట్టడం ఏమీ లేదు. అందరి యంత్రాల్లోనూ ఒకడు రాసిన కోడే ఉంది, అదీ ప్రమాదం. 2024 జూలైలో ఒక్క తప్పుడు అప్‌డేట్ వెళ్ళి ప్రపంచమంతా విమానాశ్రయాల్లో కంప్యూటర్లు నీలి తెర పెట్టుకుని కూర్చుంటే, మన దేశంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ సినిమానే.

ఇప్పుడు "ప్లూటో". ఒసాము తెజుకా "ఆస్ట్రో బాయ్" కామిక్‌లో 1964లో మొదలైన ఒక కథను తీసుకుని, నవోకి ఉరసావ 2003 నుంచి 2009 దాకా పెద్దవాళ్ళ కోసం మళ్ళీ రాశాడు. దాన్నే నెట్‌ఫ్లిక్స్‌లో 8 ఎపిసోడ్లుగా తీశారు. ఒక్కోటీ దాదాపు గంట. ప్రపంచంలో అందరికంటే గొప్పవైన ఏడు రోబోలను ఎవరో ఒక్కొక్కటిగా చంపుతున్నారు. కేసు పట్టుకున్న డిటెక్టివ్ గెసిహ్ట్ కూడా ఆ ఏడింటిలో ఒకడు. వెనక ఒక యుద్ధముంది. ఒక దేశంలో ప్రమాదకరమైన ఆయుధాలున్నాయని తనిఖీకి వెళ్ళిన బృందం, దొరక్కపోయినా జరిగిపోయిన దాడి. ఉరసావ రాయడం మొదలుపెట్టిన సంవత్సరం 2003 అని గుర్తుపెట్టుకుంటే అది ఇరాక్ యుద్ధమేనని వేరే చెప్పక్కర్లేదు.

మొదటి ఎపిసోడ్‌లో రెండు సన్నివేశాల గురించి చెప్తా, ఇవి తెలిస్తే మజా పోయేవి కావు. ఒక పోలీసు రోబో డ్యూటీలో నాశనమవుతుంది. ఆ కబురు చెప్పడానికి గెసిహ్ట్ ఆ రోబో భార్య దగ్గరికి వెళ్తాడు. ఆమె పాతకాలం మోడల్, ఇంటిపని యంత్రం. మొహానికి కదలికే లేదు, గుండ్రటి కళ్ళు, అంతే. భర్త మెమరీ చిప్ ఆమెకు ఇస్తాడు, ఆమె పెట్టుకుని అతని ఆఖరి క్షణాలు చూస్తుంది. గీసిన బొమ్మలో గీత కూడా మారదు. మనం మాత్రం ఏడుపు మొహం చూసినట్టే చూస్తాం. నేను క్లాసులో పిల్లలకు ఇది తప్పకుండా చూపిస్తా. మొహం మీద కన్నీళ్ళు గీయడం ఎవరికైనా వస్తుంది, గీయకుండా చూపించడానికి ముందు నుంచీ షాట్లు పేర్చుకుంటూ రావాలి.

రెండోది స్కాట్లండ్‌లో కళ్ళు కనపడని ఒక ముసలి సంగీతకారుడి దగ్గర పనికి చేరిన నార్త్ నంబర్ టూ. యుద్ధంలో తన తోటి రోబోలను లెక్కలేనన్ని కూల్చిన యంత్రం అది. నిలువెల్లా ఆయుధాలు, పైన ఒక పొడవాటి వస్త్రం కప్పుకుని ఉంటుంది. వంటవాడిగా, నౌకరుగా పనిచేస్తుంది. పియానో నేర్పమని అడుగుతుంది. యంత్రానికి సంగీతమేంటని పెద్దాయన తిట్టి తరిమేస్తాడు. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావంటే, ఇక యుద్ధానికి వెళ్ళాలని లేదు అంటుంది. పనిలోంచి తప్పించుకోవడానికి కళ నేర్చుకోవాలనుకునే యంత్రం! నేను చెప్పిన ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. మధ్యలో రెండు మూడు ఎపిసోడ్లు మలుపులు మరీ ఎక్కువై కాస్త సాగదీసినట్టుంటాయి. అయినా లోపల ఒక ఆలోచన ఉంది, దానికోసం ఆగు: ప్రపంచంలోని మనుషులందరి స్వభావాలూ ఒక మెదడులో ఎక్కిస్తే అది మేలుకోదట. దారులు లెక్కలేనన్ని, ఏది ఎంచుకోవాలో తేలదు. మేలుకోవాలంటే ఒకవైపు మొగ్గు కావాలి, కోపమో దుఃఖమో ద్వేషమో. అందులో మనుషులు ఏది ఎక్కిస్తారన్నదే కథ.

మిగతావి గబగబా చెప్తా. "లవ్, డెత్ అండ్ రోబోట్స్" 2019లో మొదలైంది. పొట్టి కథల సంకలనం, సగం చెత్త, హింసా శృంగారం అనవసరంగా గుమ్మరించినవి. కానీ మొదటి సీజన్‌లో "జీమా బ్లూ" అని పది నిమిషాలది ఉంది. పేరుమోసిన చిత్రకారుడు, తన ప్రతి బొమ్మలోనూ ఒకే నీలం. ఆ నీలం ఎక్కడిదో, అతని మొట్టమొదటి పని ఏంటో చివర్లో తెలుస్తుంది. అది ఒక్కటి చూసి మిగతావి వదిలేసినా నష్టం లేదు. "యానిమాట్రిక్స్" (2003) కూడా పొట్టి సినిమాల సంకలనమే, అందులో "సెకండ్ రినైజాన్స్" రెండు భాగాలు చూడు. తనను పారేయబోతున్న యజమానిని చంపిన రోబో కోర్టులో నాకు చావాలని లేదని చెప్తుంది, అక్కడినుంచి ఘోరాలు మొదలు. ఇరవయ్యో శతాబ్దపు యుద్ధ ఫోటోలు గుర్తొచ్చేలా కావాలని గీశారు. గట్టి గుండె కావాలి. "వైవీ" (2021) ఆలోచన చాలా బాగుంటుంది: ఒక్కో ఏఐకి ఒక్కటే పని, వైవీ అనే ఈ ఏఐ గాయనిది పాటతో అందరినీ సంతోషపెట్టడం, మనసు పెట్టి పాడాలట, మరి మనసంటే ఏంటి? ఇంత మంచి ప్రశ్న పెట్టుకుని మధ్యలో తన్నులాటల్లో పడిపోయారని నా కోపం. "మార్స్ ఎక్స్‌ప్రెస్" (2023) ఫ్రెంచ్ డిటెక్టివ్ సినిమా. అందులో కార్లోస్ అనే డిటెక్టివ్ ఎప్పుడో చనిపోయాడు, అతని కాపీ ఒక రోబో ఒంట్లో ఉద్యోగం చేస్తూనే ఉంటుంది. భార్యాపిల్లల దృష్టిలో అతను ఎవరు? ఆ ముక్క కోసం చూడు.

బి.టెక్ అన్నావు కాబట్టి "పాంథియన్" (2022) గురించి వేరేగా చెప్పాలి. కెన్ ల్యూ కథల ఆధారంగా తీసిన అమెరికన్ సిరీస్, రెండు సీజన్లు, ఎనిమిదేసి ఎపిసోడ్లు. మనిషి మెదడును పొరలు పొరలుగా స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు, ఒళ్ళు మిగలదు. చందా అని ముంబైలో ఒక ఇంజినీరు ఉంటాడు. అతని అనుమతి లేకుండానే మెదడు ఎక్కించేసి, ఇంకా ఆఫీసులోనే ఉన్నానన్న భ్రమలో పని చేయించుకుంటారు. సెలవు లేదు, నిద్ర లేదు, ఇంటికెళ్ళడం లేదు, చావు కూడా లేదు. పరకాయ ప్రవేశం కథలు విని పెరిగిన మనకు ప్రాణం ఒంట్లోంచి ఒంట్లోకి మారడం వింతేమీ కాదు. జీతం పట్టీ లేకుండా మారడం మాత్రం కొత్త. క్యాంపస్ సెలక్షన్లకు తయారయ్యే పిల్లలు దీన్ని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇవన్నీ ఒక విషయంలో మాత్రం గురి తప్పాయి, చూసేటప్పుడు గమనించు. దాదాపు అన్నింటిలోనూ యంత్రం ముందు ఒంటితో పని చేస్తుంది, ఆఖర్న ఎప్పుడో బొమ్మ గీస్తుంది, పాట కడుతుంది. బయట జరిగింది తలకిందులు. ఉత్తరం రాయడం, బొమ్మ గీయడం, కోడ్ రాయడం ముందొచ్చాయి. నాలాంటివాడి పని ముందు పోయే వరసలో ఉంది. మీ ఒంగోలు చుట్టుపక్కల పొగాకు కొట్లలో ఆకు పట్టుకుని రంగు, మందం చూసి గ్రేడు తేల్చే ఆడవాళ్ళ చెయ్యి, మా వైపు రొయ్యల ప్లాంటులో తల తీసి తోలు ఒలిచే చెయ్యి, వాటికి బదులు రోబో చెయ్యి పెట్టడం ఇంకా కష్టంగానే ఉంది. రోబోల శాస్త్రవేత్త హాన్స్ మొరావెక్ 1988లోనే రాశాడు, పెద్దవాళ్ళ తెలివి పరీక్షలు కంప్యూటర్‌కు నేర్పడం తేలిక, ఏడాది పిల్లకు ఉన్న చూపు, కదలిక నేర్పడం కష్టమని. "రౌజిన్ జెడ్" మంచం ఇప్పటికీ రాలేదు. దాని నోట్లోంచి వచ్చే భార్య గొంతు మాత్రం ఫోన్‌లోకి వచ్చేసింది.

పాపతో చూడాల్సిన "టైమ్ ఆఫ్ ఈవ్" 2008లో యసుహిరో యోషియురా తీశాడు. ఆరు చిన్న ఎపిసోడ్లు. వాటిని కలిపి 2010లో సినిమాగా కూడా వదిలారు. మనుషుల్లాగే కనిపించే ఇంటిపని రోబోలు, గుర్తు పట్టడానికి తల మీద వెలుగుతుండే ఒక వలయం. రికువో అనే కుర్రాడు తన ఇంటి రోబో చెప్పకుండా ఎక్కడికో వెళ్ళొస్తోందని కనిపెట్టి వెతుక్కుంటూ వెళ్తే ఒక కాఫీ హోటల్. అక్కడ ఒకటే నియమం: మనిషి, రోబో అని తేడా చూపకూడదు. లోపలికొస్తే వలయం ఆర్పేస్తారు. ఎవరు ఎవరో తెలియదు. తన్నులాటలు లేవు, నెత్తురు లేదు. సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ 1942లో రాసిన మూడు రోబో సూత్రాలు ఇక్కడ వాడుకున్నారు, మనిషికి హాని చేయకూడదు, చెప్పింది వినాలి, తనను తాను కాపాడుకోవాలి అని. అబద్ధం చెప్పకూడదన్న సూత్రం లేదు కదా అన్న చోట పాప నీ మొహం చూస్తుంది, అక్కడ ఆపి మాట్లాడుకోండి. సబ్‌టైటిళ్ళు పాపకు చదవడం కష్టమైతే నువ్వే పక్కన కూర్చుని తెలుగులో చెప్పు, మాటలు నెమ్మదిగానే ఉంటాయి కాబట్టి కుదురుతుంది.

జపనీస్‌వి జపనీస్‌లోనే, సబ్‌టైటిళ్ళతో చూడు. ఇంగ్లీష్ డబ్బింగ్ బాగున్నవి లేకపోలేదు గానీ, తచికోమాల గొంతులు పోతే సగం పోయినట్టే. ఫోన్‌లో మాత్రం చూడొద్దు, "ఘోస్ట్ ఇన్ ది షెల్" బ్యాక్‌గ్రౌండ్లు గీసినవాళ్ళ ఉసురు తగులుతుంది. హక్కులు చేతులు మారుతుంటాయి కాబట్టి ఏది ఎక్కడుందో పేరు కొట్టి చూసుకో. "ప్లూటో", "లవ్, డెత్ అండ్ రోబోట్స్" నెట్‌ఫ్లిక్స్ సొంతవి.

ఇవాంజెలియన్, గుండమ్ ఏవీ అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. అవి మనిషి లోపల కూర్చుని నడిపే యంత్రాల కథలు. చాలా గొప్పవి. కానీ వాటి బాధంతా నడిపేవాడిది, యంత్రానికి తనదంటూ పని లేదు. నీకు అవి కావాలంటే వేరే ప్రశ్నగా అడుగు, అప్పుడు రాస్తా.